వాన పడని ఏడు, సగం ఫీజు

మా తమ్ముడి కూతురు ఇవాళ పొద్దున్నే ఫోను చేసింది. తనూ నాలాగే ఆడిటరు. నేను పని మానేసి ఇంట్లో కూర్చున్న ఊళ్ళోనే, అనంతపురంలోనే, చిన్న ఆఫీసు పెట్టుకుంది. హైవే పక్కన వచ్చిన ఒక కంపెనీ లెక్కలు చూసే పని తనకు దొరికేలా ఉందట, కానీ బెంగుళూరు నుంచి ఇంకెవరో వచ్చి సగం ఫీజుకే చేస్తామన్నారట, నువ్వూ సగానికి ఒప్పుకుంటే పని నీదే అని కంపెనీ వాళ్ళు చెప్పారట. "సగానికే ఒప్పుకుంటా అత్తా, పని గూడా కొంచెం తగ్గించుకుంటే సరిపోతాది గదా," అంది. నేను వద్దు అని అరిచినంత పని చేసి ఫోను పెట్టేశాను. పాపం, ఇద్దరు ఉద్యోగులకు జీతాలివ్వాలి, ఆఫీసు అద్దె కట్టాలి, ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మూడుసార్లు మిద్దె ఎక్కి దిగాను, పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయాను, పేపరు చేతిలోకి తీసుకుని ఒకే వార్త నాలుగుసార్లు చదివి అదేమిటో తెలియకుండానే మడిచి పెట్టాను. అరిచాను సరే, ఎందుకు అరిచానో ఆ పిల్లకు చెప్పలేదు. ఫోనులో చెప్పే సంగతి కాదది. రాస్తే అన్నా కుదురు వస్తుందేమోనని ఈ కాగితాల ముందు కూర్చున్నాను.

మీలో నా వయసు వాళ్ళకు అప్పటి అనంతపురం గుర్తుండే ఉంటుంది. ఊరు దాటితే చాలు ఎటు చూసినా వేరుశనగ చేలు, ఊరి చుట్టూ నూనె మిల్లులు, కాయలు ఆడే రోజుల్లో గాలంతా కమ్మటి పచ్చి నూనె వాసన. మా మేనమామ ఆడిటరు. బట్టల కొట్టు మీద మేడలో ఆయన ఆఫీసు ఉండేది, నేను పరీక్షలన్నీ గట్టెక్కాక ఆయన నన్ను భాగస్తురాలిగా చేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆడమనిషి ఆడిటరంటే మా వైపు వింతే. మిల్లుల్లో గుమాస్తాలకు నన్నేమని పిలవాలో తోచక కొన్నాళ్ళు సార్ అన్నారు, తరవాత మేడం అన్నారు, హమాలీలు మాత్రం మొదటి రోజు నుంచీ అమ్మా అనే అన్నారు. నేను ఒకచోట కూర్చోలేని మనిషిని. నన్ను కుర్చీలో కట్టేసినా ఆ కుర్చీతో సహా గోడౌనుకు పోతానని మామ ఎగతాళి చేసేవాడు.

ఫీజు సంగతి చెప్పాలి. మా వైపు బతుకులో ప్రతిదానికీ వానతో ముడి ఉండేది. వాన పడని ఏడు ఎద్దుల ధర పడిపోయేది, మేళం వాళ్ళు పెళ్ళికి తక్కువకే వచ్చేవాళ్ళు, ట్రాక్టరు బాడుగ తగ్గేది, డాక్టరు కూడా చీటీ రాసి ఉన్నంత ఇవ్వమనేవాడు. ఆడిటర్లమూ అదే దారిలో నడిచాం. పంట పోయిన ఏడు మిల్లు యజమాని స్వయంగా మా మేడెక్కి వచ్చి, కిటికీలోంచి ఆకాశం వంక ఒకసారి చూసి నిట్టూర్చి, "జూస్తివి గద సామీ, చుక్క రాలల్యా. ఈ యేడు సగం జేసుకోండి," అనేవాడు. మామ తల ఊపేవాడు. అంతే ఒప్పందం, కాగితమూ లేదు, బేరమూ లేదు. వానలు పడిన ఏడు ఫీజు నిండుగా వచ్చేది, దాంతో పాటు దీపావళికి ఒక నూనె డబ్బా ఇంటికి వచ్చేది. ఊరంతా తగ్గించుకుంటుంటే మనం బిగదీసుకుని కూర్చోవడం మర్యాద కాదని మామ నమ్మకం, నాకు కూడా అది మంచితనంగానే కనిపించేది. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది.

మంచితనం సంగతి అటుంచండి, అందులో ఒక పెద్ద తిరకాసు ఉంది, అది తెలుసుకోవడానికి నాకు చాలా ఖర్చయింది. వానలు బాగా పడిన ఏడు మిల్లులో దాచేదేముంటుంది? కాయలు వస్తాయి, నూనె పోతుంది, రాసింది రాసినట్టే ఉంటుంది. అబద్ధం రాయాలన్న అవసరం పుట్టేది పంట లేని ఏడు. గోడౌను ఖాళీగా ఉంటే బ్యాంకు ఊరుకోదు, డబ్బు దాచుకున్నవాళ్ళు ఊరుకోరు. అంటే మేము కళ్ళు నులుముకుని చూడవలసింది ఆ ఏడే, మేము సగం ఫీజుకు ఒప్పుకుని నాలుగు రోజుల పని ఒక రోజులో ముగించుకుని వచ్చేదీ ఆ ఏడే. ఇన్నేళ్ళ తరవాత ఇంత తేలికగా రాస్తున్నాను గానీ అప్పుడు మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అనంతపురంలో ఏ ఆడిటరుకూ తట్టలేదనుకుంటా.

మాకు వచ్చే ఆదాయంలో దాదాపు సగం ఒకే ఒక్క మిల్లు నుంచి వచ్చేది. ఆ మిల్లు యజమాని దాన్ని కంపెనీగా చేసి, జనం దగ్గర డిపాజిట్లు తీసుకునేవాడు. బ్యాంకు కన్నా వడ్డీ ఎక్కువ. డబ్బు వేయడానికి వచ్చినవాళ్ళకు కంపెనీ లెక్కల కాగితం ఒకటి చూపించేవాళ్ళు, ఆ మిల్లు పని నేనే చూసేదాన్ని కాబట్టి దాని అడుగున నా సంతకం ఉండేది. ఆ డిపాజిటుదారుల్లో మా నాయన ఒకడు. తనకల్లు హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు, ఉద్యోగమంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది, కదిరిలో చిన్న స్థలం కొనిపెట్టుకుని రిటైరైనప్పుడు చేతికొచ్చిన మొత్తంతో అందులో రెండు గదులు వేసుకోవాలన్నది ఆయనకూ అమ్మకూ ఉన్న ఒకే ఒక్క ఆశ. మూడేళ్ళు మిల్లులో ఉంచితే ఆ వడ్డీతో వంటిల్లు కూడా కలిసొస్తుందని లెక్క వేసుకుని, నన్ను అడగకుండానే మొత్తం తీసుకుపోయి అక్కడ వేశాడు. వేసి వచ్చి చెప్పాడు. "అడిగేదేముండాది? నా బిడ్డ సంతకం ఉండాది గదా," అన్నాడు. ఆయన్ను చూసి ఆయనతో పనిచేసిన టీచర్లు ఆరుగురు కూడా వేశారు. వద్దని నేనూ అనలేదు. ఆయన మొహంలో ఆ సంబరం చూశాక అనాలని కూడా అనిపించలేదు.

ఆ తరవాత వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. రెండో ఏడు యజమాని మేడెక్కి ఆకాశం చూశాడు, మామ తల ఊపాడు. మార్చి చివర నేను గోడౌనుకు వెళ్ళాను. పైకప్పు అందుకునేలా వేరుశనగ బస్తాలు పేర్చి ఉన్నాయి. పంట లేని ఏడు ఇన్ని బస్తాలా అని ఒక్క క్షణం అనిపించింది, కర్ణాటక నుంచి కొన్నామని గుమాస్తా బిల్లులు చూపించాడు. మామూలుగా అయితే మధ్యలోంచి రెండు వరసలు కిందికి దింపించి, ఇనుప గొట్టం గుచ్చి గింజ తీసి చూసేవాళ్ళం. అందుకు రెండు రోజులు పట్టేది, హమాలీల కూలి మా ఫీజులోంచే ఇచ్చేవాళ్ళం. హమాలీల పెద్ద ముసలాయన, తలకు తుండు చుట్టుకుని గుమ్మంలో నిలబడి, "దించల్లా అమ్మా?" అని అడిగాడు. ఆ ఏటి ఫీజులో కూలికి మిగిలేదేమీ లేదు. వద్దులేప్పా అన్నాను. పొడవున ఎన్ని, వెడల్పున ఎన్ని, ఎత్తున ఎన్ని అని బయట నుంచి లెక్కబెట్టి, మూడింటినీ హెచ్చవేసి, ముందు వరసలో నాలుగు బస్తాలు గుచ్చి చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. వారం తరవాత సంతకం పెట్టాను. ఆ ఏడు కూడా డిపాజిట్లు బాగానే వచ్చాయని విన్నాను.

మూడో ఏడు కూడా వాన లేదు. యజమాని మేడెక్కి వచ్చాడు, ఈసారి కిటికీ వైపు చూడనే లేదు. తిన్నగా వచ్చి కూర్చుని, ఈ ఏడు ఫీజు రెండింతలు ఇస్తానన్నాడు. "మీరు మా కోసరం శానా ఓర్చుకున్నారు సామీ," అన్నాడు. మామ సంతోషం పట్టలేకపోయాడు. మూడేళ్ళుగా గుమాస్తాల జీతాలకు అప్పులు చేస్తున్నాడాయన, అత్త గాజులు కూడా అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. నాకు మాత్రం అది మింగుడుపడలేదు. కరువులో ఆడిటరుకు ఫీజు పెంచే యజమానిని నేను ఎన్నడూ చూడలేదు. తక్కువ ఇచ్చినప్పుడు రాని అనుమానం ఎక్కువ ఇస్తే వచ్చింది, చూశారా నా తెలివి! మామతో చెబితే నీకు కుదురు లేక ఇలాంటివి తోస్తాయన్నాడు. కుదురు లేదన్నది నిజమే. ఆ కుదురులేనితనమే నన్ను మర్నాడు మార్కెట్టుకు తీసుకుపోయి, మిల్లుకు సంబంధం లేని పన్నెండు మంది హమాలీలను మూడు రోజుల కూలికి మాట్లాడించింది. రెండింతల ఫీజు ఇస్తానన్నాడు కదా, అందులోంచే కూలి.

రెండో రోజు పొద్దు వాలేసరికి ముందు వరసలోని బస్తాలన్నీ కిందికి దిగాయి. వాటి వెనక ఉన్నవి కూడా బస్తాలే, కుట్లు కూడా సరిగ్గానే ఉన్నాయి, కానీ హమాలీ ఒక్క చేత్తో ఎత్తి భుజాన వేసుకున్నాడు. గుచ్చితే గొట్టంలోకి పొట్టు వచ్చింది. గింజ తీసేశాక మిగిలే ఉత్త పొట్టు. లోపలికి పోయేకొద్దీ అంతా అదే, గోడ దాకా అదే. కాయలున్నది చుట్టూ ఒక్క వరస మాత్రమే. మిల్లు హమాలీల పెద్ద గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నీకు తెలుసా అని అడిగాను. "మోసింది మేమే గదమ్మా. పొట్టు బరువు మాకు తెలీదా?" అన్నాడు. మరి చెప్పలేదేమని కోపంగా అడిగాను. ఆయనకూ కోపం వచ్చింది. "పోయినేడే అడిగినా గదా, దించల్లా అని. కూలోన్ని, అంతకన్నా ఎట్ల జెప్పల్ల?" అన్నాడు. ఆ మాట విన్న చోటే, పొట్టు ధూళిలో, ఒక బస్తా మీద కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రమే యజమాని మా మేడకు వచ్చాడు. ఆయన దబాయించలేదు, కాళ్ళావేళ్ళా పడలేదు కూడా, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. వచ్చే ఏడు వాన పడుతుంది, బస్తాలు నిండుతాయి, అందరి డబ్బూ వడ్డీతో తిరిగిపోతుంది. ఇప్పుడు మీరు కాగితం మీద పొట్టు అని రాస్తే రేపటికల్లా జనం మిల్లు మీద పడతారు, ఒక్కరికీ పైసా రాదు, ఆలోచించుకోండి అన్నాడు. లేచిపోతూ, "మీ నాయన దుడ్లు గూడా ఉండాయి గదమ్మా," అన్నాడు. అది బెదిరింపో జాలో ఇప్పటికీ తేల్చుకోలేను. మామ నా మొహం చూడకుండా, సంతకం నీది, నిర్ణయం నీది అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

రిపోర్టు ఇవ్వడానికి వారం గడువుంది. ఆ వారం రోజులూ నేను పడ్డ యాతన చెప్పలేను. సంతకం పెట్టకూడదన్నది మొదటి రోజే తేలిపోయింది, అందులో నాకు సందేహం లేదు. నన్ను తిన్నది ఇంకోటి. రిపోర్టు బయటికి వచ్చేలోపు నాయన వెళ్ళి ఆయన డబ్బు ఆయన వెనక్కి తెచ్చుకుంటే? డిపాజిటు గడువు ఇంకా నాలుగు నెలలుంది గానీ, హెడ్మాస్టరు అడిగితే యజమాని నోరు మెదపకుండా ఇచ్చి పంపిస్తాడు, పైగా సంతోషంగా ఇస్తాడు. ఆదివారం బస్సెక్కి తనకల్లు వెళ్ళాను. అమ్మ రాగి ముద్ద, ఊరుబిండి పచ్చడి పెట్టింది, తినలేకపోయాను. కూర్చున్నాను, లేచాను, వాకిట్లోకి పోయాను, మళ్ళీ వచ్చాను. నాయన అరుగు మీద కూర్చుని కదిరి స్థలంలో తలుపు ఏ వైపు పెట్టాలో చెబుతున్నాడు. ఆయన పక్కనే లెక్కల మాస్టరు కూడా కూర్చుని ఉన్నాడు. మిల్లులో డబ్బు వేసిన ఆరుగురిలో ఆయన ఒకడు, భార్యకు గుండె జబ్బు. నాయనకు చెబితే ఆయన ఈ మాస్టరుకు చెప్పకుండా ఉండగలడా? చెబితే మిగిలిన ఐదుగురికి? ఆ ఐదుగురి తరవాత, నాకు పేరు కూడా తెలియని మిగతావాళ్ళకు? చెప్పకుండా ఆయనొక్కడే తెచ్చుకుంటే రేపు ఆ అరుగు మీద ఎలా కూర్చుంటాడు? సాయంత్రం బస్సుకు నోరు విప్పకుండానే తిరిగొచ్చాను. బస్సులో కదిరి దాకా ఏడుస్తూనే ఉన్నాను.

గురువారం రిపోర్టు ఇచ్చాను. గోడౌనులో ఉన్నది పొట్టేనని, ఈ లెక్కలు నమ్మదగినవి కావని ఉన్నదున్నట్టు రాసి కింద సంతకం పెట్టాను. యజమాని చెప్పినట్టే జరిగింది. నెల తిరిగేసరికి మిల్లుకు తాళం పడింది, ఆయన కుటుంబంతో ఊరు వదిలి వెళ్ళిపోయాడు, కోర్టులో ఏళ్ళూ పూళ్ళూ నడిచాక డిపాజిటుదారులకు వచ్చింది ఎంగిలి చేతికి అంటినంత. మా ఆఫీసుకూ దెబ్బ తగిలింది. ఆ అమ్మ వస్తే బస్తాలన్నీ దింపిస్తాదని మిగతా మిల్లుల వాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మామ నాతో రెండు నెలలు సరిగా మాట్లాడలేదు, ఆ తరవాత ఒకరోజు తనంతట తనే, ఇకనుంచి కరువు ఏడు ఫీజు ఒకటిన్నర రెట్లు తీసుకుందామని ప్రకటించాడు. ఊరంతా నవ్వింది. ఒక్కరూ ఒప్పుకోలేదు గానీ, ఆయన తగ్గించడం మాత్రం మానేశాడు.

అసలు సంగతికి ఇంకా రాలేదు. వస్తే రాయలేనని వెనకాడుతున్నానేమో.

మిల్లు మూతపడ్డ పది రోజులకు నేను తనకల్లు వెళ్ళాను. తిడతాడని సిద్ధపడి వెళ్ళాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అప్పటికే నాయన కదిరి స్థలం బేరం పెట్టేశాడు. వచ్చేదాంట్లో ఎక్కువ భాగం లెక్కల మాస్టరుకు ఇచ్చేయాలని నిర్ణయించుకున్నాడు, "నన్ను నమ్మి వేసినోడు, ఆయప్ప భార్య ఆస్పత్రిలో ఉండాది," అన్నాడు. అమ్మ లోపల గిన్నెలు కడుగుతోంది. నేను జరిగిందంతా చెప్పాను, ఆ ఆదివారం ఎందుకు వచ్చి ఎందుకు చెప్పకుండా పోయానో కూడా చెప్పాను. ఆయన అదంతా విని తల పంకించాడు. చెప్పకపోవడం మంచిదే అన్నాడు. తరవాత బళ్ళో పిల్లల్ని అడిగినట్టు అడిగాడు, "మరి పోయినేడు ఎందుకు చెప్పల్యా?"

పోయినేడు చూడలేదు నాయనా, ఒక్క రోజే పోయినాను అన్నాను. ఎందుకు ఒక్క రోజే అని అడిగాడు. కరువని ఫీజు సగమే ఇచ్చారన్నాను. ఆయన కోపం లేకుండా, నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టు, "ఫీజు సగమే ఇచ్చిరి. సంతకం మాత్రం నిండుగానే పెడితివి గదమ్మా," అన్నాడు.

ఆ తరవాత మా నాయన తనకల్లులోనే అద్దె ఇంట్లో పద్నాలుగేళ్ళు బతికాడు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నాడు, నా డబ్బు పుచ్చుకోమంటే నవ్వి ఊరుకునేవాడు, ఆ మాట మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అమ్మ ఆ ఇంట్లోనే పోయింది, రెండేళ్ళకు ఆయన కూడా ఆ ఇంట్లోంచే వెళ్ళిపోయాడు. పొట్టు దొరికిన ఏడు నేను చేసింది సరైనదేనని ఎంతమంది ఓదార్చినా నాకు ఊరట కలగలేదు. నాయన రెండు గదులు పోయింది ఆ ఏడు కాదు. అంతకు ముందు ఏడు నిజం రాసి ఉంటే మిల్లులో కాస్తో కూస్తో మిగిలి ఉండేది, అందరికీ ఎంతో కొంత దక్కేది.

ఇప్పుడు అన్నీ మారాయి. నూనె మిల్లులు చాలావరకు పోయాయి, వేరుశనగ చేలల్లో సోలారు పలకలు నిలబడ్డాయి. ఆడిటరుకు ఎంత ఇచ్చారో కంపెనీ రిపోర్టులో అచ్చవుతోంది, కొన్నేళ్ళకొకసారి ఆడిటరును మార్చాలనే చట్టం వచ్చింది, ఫీజు ఎక్కువైతే లెక్కలు బాగుంటాయా లేక ఆడిటరు అమ్ముడుపోతాడా అని పెద్ద చదువుల వాళ్ళు వాదించుకుంటున్నారు. నాకు తక్కువ ఇచ్చినప్పుడు నేను చూడలేదు, ఎక్కువ ఇచ్చినప్పుడు చూశాను. ఇంకొకరు దీనికి సరిగ్గా తిరగేసి చేసి ఉంటారు. ఎన్ని రూపాయలన్నది అచ్చవుతుంది గానీ, ఆ రూపాయలకు ఎన్ని రోజులు చూశారో, ఎన్ని వరసలు దింపారో ఎక్కడా అచ్చు కాదు. వానకు ఫీజు తగ్గించే ఆనవాయితీ ఎవరికీ గుర్తు కూడా లేదు, తగ్గించుకోవడానికి వేరే కారణాలు దొరికాయి. ఇప్పుడు సంతకం చేసేవాళ్ళకు దాన్ని నమ్మి డబ్బు పెట్టేవాళ్ళు ఎవరో తెలియదు, వాళ్ళు ఏ ఊళ్ళోనో ఫోనులో అంకెలు చూసుకుంటుంటారు. మా కాలం గొప్పదని నేననను, మా కాలంలోనే కదా ఇదంతా జరిగింది. కానీ అప్పుడు నమ్మి మోసపోయిన మనిషి ఎదురుగా కూర్చుని ఎందుకిలా చేశావని అడగగలిగేవాడు. నన్ను మా నాయన అడిగాడు. నలభై ఏళ్ళు కావస్తోంది, రేపు ఈ కాగితాలు తీసుకుపోయి నా తమ్ముడి కూతురి చేతిలో పెడతాను, సగానికి ఒప్పుకునే ముందు చదువుకోమని.